నవ్వని ఆటగాళ్లు కావలెను

గెంతుపెట్టె అంత బాగా అమ్ముడుపోతుందని రాష్ట్ర ఎలక్ట్రానిక్ వినోద సంస్థలో ఎవరూ అనుకోలేదు. నష్టం వస్తే ఏం చెప్పాలో మాత్రం ముందే సిద్ధం చేసుకున్నారు. నష్టానికి కారణాలు, ఆ కారణాలకు బాధ్యులు, ఆ బాధ్యుల మీద వేయాల్సిన విచారణ సంఘం, ఆ సంఘం తిరగడానికి కారు, అన్నీ ఆలోచించి పెట్టారు. లాభం వస్తే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. మొదటి ఏడాది లాభం కనబడగానే ఖాతాల విభాగం దాన్ని పొరపాటుగా భావించి, సరిచేయమని వెనక్కి పంపింది.

అది టీవీకి తగిలించుకునే చిన్న తెల్లపెట్టె. దాంతోపాటు అప్పడాల కర్రంత పుల్లలు రెండు ఇస్తారు. పుల్ల పట్టుకుని చెయ్యి విసిరితే తెరమీద బంతి దొర్లుకుంటూ వెళ్లి, వరసగా నిలబెట్టిన సీసాల్ని పడగొడుతుంది. దాన్ని బౌలింగ్ అంటారు. షటిల్ ఉంది, చేపలు పట్టడం ఉంది. పుల్ల మీద ఉన్నది ఒకటే మీట. పిల్లల కోసమని కొన్నారు గానీ, పిల్లలు బడికెళ్లగానే తల్లులు పట్టుకున్నారు. తల్లులు వంటింట్లోకెళ్లగానే తాతలు పట్టుకున్నారు. సంస్థ ప్రతి పట్టణంలో వినోద కేంద్రాలు తెరిస్తే, వాటి ముందు చెప్పుల గుట్టలు లేచాయి.

ఇంతలో శాసనసభలో ఒక ప్రశ్న పడింది. అడిగిన సభ్యుడి మేనల్లుడు ఆ పెట్టెను చూసి, ఇది ముసలమ్మల బొమ్మ అని అన్నం మానేశాడట. ప్రశ్న ఇలా ఉంది: "గెంతుపెట్టె అంకితభావము గల ఆటగాళ్లను గెలుచుకున్నదా, పోగొట్టుకున్నదా? పోగొట్టుకున్నచో అందుకు బాధ్యులెవరు?"

గణాంక విభాగం డిప్యూటీ డైరెక్టర్ కంభంపాటి హైమవతికి ఈ ప్రశ్నతో ఏ సంబంధమూ లేకపోవాల్సింది. ఆవిడ పని పెట్టెలు ఎన్ని అమ్ముడయ్యాయో లెక్కపెట్టడం. కొన్నవాళ్లు ఎలాంటివాళ్లో ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ జాయింట్ డైరెక్టర్ పోస్టు ఖాళీగా ఉంది, దాని మీద ఆవిడ ఆశ పెట్టుకుంది, ఆ సంగతి ఎం.డి.కి తెలుసు.

ఎం.డి. పోతాప్రగడ విశ్వపతి గారు సమావేశం పిలిచారు. ఆయన మామూలు సంభాషణ కూడా జీవో చదివినట్టే చేస్తారు. కాఫీలో చక్కెర తక్కువైతే "సదరు కాఫీయందు లోటు గమనించడమైనది" అంటారని కింది ఉద్యోగులు చెప్పుకుంటారు.

"మిత్రులారా," అన్నారాయన, "గౌరవ సభ మనలను ఒక మౌలికమైన ప్రశ్న అడిగియున్నది. గెలుపా, ఓటమా. మధ్యేమార్గము సభకు రుచించదు. కావున ముందుగా అంకిత ఆటగాడు అనగా ఎవరో నిర్వచించవలసియున్నది. నిర్వచించిన పిమ్మట లెక్కించవలసియున్నది. లెక్కించిన పిమ్మట, వచ్చిన లెక్క మనకు అనుకూలముగా లేనిచో, పునర్నిర్వచించవలసియున్నది."

వెంటనే నిర్వచన ఉపసంఘం ఏర్పడింది. క్రీడా విశ్వవిద్యాలయం నుంచి ఒక ఆచార్యుడు, ఆర్థిక శాఖ నుంచి ఒక అధికారి, వాళ్లిద్దరికీ టీలు తెప్పించి నిర్ణయాలు రాయడానికి హైమవతి. ఆచార్యులవారు అంకితభావం వెన్నెముకలో ఉంటుందన్నారు. గంటల తరబడి వంగి కూర్చున్నవాడే అంకిత ఆటగాడట. అలాగైతే సంస్థలో గుమాస్తాలందరూ అంకిత ఆటగాళ్లే అవుతారని ఆర్థిక శాఖ అధికారి అభ్యంతరం చెప్పాడు. మూడు సమావేశాలయ్యాక, క్షేత్రస్థాయికి వెళ్లి ఒక అంకిత ఆటగాణ్ణి స్వయంగా చూసి రమ్మని హైమవతిని పంపారు.

ఆవిడ కాకినాడ ఎంచుకుంది. పెట్టెలు అందరికన్నా ఎక్కువ కొన్నది కాకినాడవాళ్లే.

జగన్నాథపురం వంతెన దాటాక వినోద కేంద్రం. సాయంత్రం నాలుగింటికి వెళ్తే లోపల ఇసుకేస్తే రాలనంత జనం. మధ్యలో ఒక నలభై అయిదేళ్ల మనిషి చీరకొంగు నడుముకు దోపి, పుల్ల పట్టుకుని నిలబడి ఉంది. పేరు మేడిశెట్టి నూకరత్నం. పక్క వీధిలో టిఫిన్ సెంటరు. ఆవిడ చెయ్యి విసిరితే సీసాలన్నీ ఒక్కసారి పడ్డాయి. వెనక ఉన్న రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ పిల్లి సూరిబాబు, "రైట్ రైట్," అన్నాడు. హాలంతా నవ్వింది.

"రోజూ వస్తారా?" అని అడిగింది హైమవతి.

"ఆయ్, రోజూ వస్తానండి," అంది నూకరత్నం. "తెల్లారకుండా లేస్తే మూడింటి దాకా పొయ్యి దగ్గరేనండి. ఈ గంట నాదండి. ఈ గంటలో ఎవడన్నా వచ్చి రెండిడ్లీ అన్నాడనుకోండి, సీసాతోపాటు వాణ్ణీ పడగొడతాను."

"అయితే మీరు అంకిత ఆటగాళ్లేనన్నమాట."

నూకరత్నం సిగ్గుపడింది. "నేనెక్కడండి. నేనేదో చేతులూపుతానంతే. నిజం ఆటగాడు మా అబ్బాయి బుజ్జిగాడండి. మా ఇంటి మేడమీద ఉంటాడు. మీరు వాణ్ణి చూడాలండి."

హైమవతి వెళ్లి చూసింది. మేడమీద గదిలో కిటికీలకు దుప్పట్లు వేలాడదీసి ఉన్నాయి. కంప్యూటర్ ముందు ఇరవై రెండేళ్ల కుర్రాడు చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని కూర్చున్నాడు. బుజ్జి అసలు పేరు లోహిత్. కానీ ఆటల లోకంలో తనను మృత్యుకోర అంటారని, తాను అంకిత ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుణ్ణని చెప్పాడు. తెరమీద ఒక మనిషి గేటు తోసుకుని లోపలికి అడుగు పెట్టాడు. వెంటనే ఏదో జంతువు వచ్చి వాణ్ణి తినేసింది. లోహిత్ మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తినేసింది.

"ఎప్పట్నుంచి ఆడుతున్నారు ఈ ఆట?"

"వినాయక చవితి నుంచి మేడమ్."

దీపావళి కూడా వెళ్లిపోయింది. "ఎంతదాకా వచ్చారు?"

"గేటు దాకా."

"బాగుంటుందా?"

లోహిత్ ఆవిణ్ణి జాలిగా చూశాడు. "బాగుండడం ఏంటి మేడమ్. ఘోరంగా ఉంటుంది. అందుకే ఆడతాం."

"మరి గెంతుపెట్టె ఎందుకు వదిలేశారు? మొదట్లో కొన్నారుగా."

గేటు దగ్గర మనిషి ఇంకోసారి చచ్చాడు. "కొన్న రోజు మూడు గంటలు ప్రాక్టీసు చేశాను మేడమ్. మా అమ్మ అన్నానికి పిలవడానికొచ్చింది. ఇదేంట్రా అని పుల్ల తీసుకుంది. ఎడమ చేతిలో గరిటె కూడా ఉంది. ఒక్కసారి విసిరింది. అన్నీ పడిపోయాయి. పైగా నవ్వింది. ఆ రోజే ఆ మిషన్ నాకు చచ్చిపోయింది."

విజయవాడ తిరిగొచ్చి హైమవతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కుర్రాళ్లు వెళ్లిపోయిన మాట నిజం, తల్లులు వచ్చారు కాబట్టి వెళ్లిపోయారు. వచ్చిన తల్లులు కూడా తక్కువేం కాదు, గంట ఆట కోసం ప్రాణం పెడుతున్నారు. అంచేత కొందర్ని గెలిచాం, కొందర్ని పోగొట్టుకున్నాం.

"కొందరు అను పదమును సభ అంగీకరించదు," అన్నారు విశ్వపతి గారు. "ఆ కుర్రవానికీ, ఆ స్త్రీకీ మధ్య మీరు గమనించిన స్పష్టమైన భేదమేమి?"

హైమవతికి అలసటగా ఉంది. రైలులో కూర్చునే చోటు దొరకలేదు. ఆలోచించకుండా అనేసింది: "ఆవిడ నవ్వుతూ ఆడుతుంది సార్. ఆ అబ్బాయి నేనున్నంతసేపూ ఒక్కసారి కూడా నవ్వలేదు."

విశ్వపతి గారు కుర్చీలోంచి లేచారు. ఆచార్యులవారు ఆయన వంక చూశారు. ఆర్థిక శాఖ అధికారి, నవ్వును లెక్కపెట్టడానికి పెద్దగా ఖర్చవదని అన్నాడు. ఆ సాయంత్రానికి నిర్వచనం తయారైంది. "ఆడునపుడు నవ్వనివాడు అంకిత ఆటగాడు."

నేను అలా అనలేదు అని చెప్పడానికి హైమవతి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ విశ్వపతి గారు ఆవిడ వైపు ప్రేమగా చూసి, "జాయింట్ డైరెక్టర్ స్థాయి పరిశీలన," అన్నారు. ఆవిడ నోరు మూసుకుంది.

నెల తిరక్కుండా అన్ని వినోద కేంద్రాల్లోనూ నవ్వు పరిశీలకులు దిగారు. పశుగణనలో అనుభవం ఉన్నవాళ్లకు ప్రాధాన్యం ఇచ్చారు. పళ్లు కనబడితే పూర్తి నవ్వు, పెదవులు మాత్రమే కదిలితే అర నవ్వు, భుజాలు ఊగితే లోనవ్వు, దాన్ని కూడా పూర్తి నవ్వుగానే లెక్కించాలని ఆదేశాలు వెళ్లాయి. కాకినాడలో సూరిబాబు వల్ల ఇబ్బంది వచ్చింది. ఆయనకు పుట్టుకతోనే ముందు పళ్లు ఎత్తు. పరిశీలకుడు ఆయన్ని ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే రాశాడు. భార్య పోయి ఏడాదైంది, అప్పుడు కూడా జనం ఇలాగే అనుకున్నారని సూరిబాబు మొరపెట్టుకున్నా లాభం లేకపోయింది.

లెక్క వచ్చింది. ఆడేవాళ్లలో దాదాపు అందరూ నవ్వుతున్నారు. అంటే అంకిత ఆటగాళ్లు లేరు. అంటే పోగొట్టుకున్నాం.

"పోగొట్టుకున్నాము అని మంత్రివర్యులు సభలో పలుకజాలరు," అన్నారు విశ్వపతి గారు. "ప్రశ్నను వచ్చే సమావేశాలకు వాయిదా వేయించడమైనది. ఈలోపల గెలుచుకోవలసియున్నది."

గెలుపు పథకం మొదలైంది. మొదటి మెట్టుగా కేంద్రాల్లో "నవ్వుట నిషేధము" అని బోర్డులు పెట్టారు. జనం ఆడడం మానలేదు. నవ్వొచ్చినప్పుడు బయటికెళ్లి, చూరు కింద నిలబడి నవ్వుకుని, మొహం తుడుచుకుని లోపలికొచ్చేవాళ్లు. జగన్నాథపురం కేంద్రం బయట సిగరెట్లు కాల్చేవాళ్లు ఒక పక్కన, నవ్వేవాళ్లు ఒక పక్కన నిలబడేవాళ్లు. కాల్చేవాళ్లు వీళ్లను కొంచెం అసహ్యంగా చూసేవాళ్లు.

రెండో మెట్టు, అంకిత ఆటగాళ్ల సలహా తీసుకోవడం. కాకినాడ వెళ్లి లోహిత్‌ను ఒప్పించే పని హైమవతి మీద పడింది. ఒప్పించనక్కర్లేకపోయింది. జీతం, కుర్చీ, "అంకిత సలహాదారు" అని తలుపు మీద పేరు ఇస్తామనగానే అతను మొదటిసారి కిటికీ దుప్పటి తీశాడు. నూకరత్నం కొడుక్కి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని ఆ రోజు టిఫినుకొచ్చినవాళ్లందరికీ కేసరి పంచింది.

"మా వాడి ఆట ఊరికే పోలేదండి," అని హైమవతి చేతిలో కూడా ఒక పొట్లం పెట్టింది. "వాడేం చేస్తాడండి అక్కడ?"

"గెంతుపెట్టెను బాగుచేస్తాడు," అంది హైమవతి. అంతకంటే చెప్పలేకపోయింది.

లోహిత్ పుల్లను తీయించేశాడు. దాని బదులు పదహారు మీటల పలక పెట్టించాడు. బంతి విసరాలంటే ఆరు మీటలు వరసగా నొక్కాలి, ఏడోది నొక్కకూడదు. నొక్కితే బంతి వచ్చి ఆడేవాడి కాలి మీదే పడుతుంది. సూరిబాబు కాళ్లు తెరమీద రోజుకు నలభైసార్లు విరిగేవి. కేంద్రాల ముందు చెప్పులు తగ్గాయి. చూరు కింద నవ్వేవాళ్లు కనబడలేదు. విశ్వపతి గారు సంతృప్తి వ్యక్తం చేశారు.

రెండు వారాలకు లోహిత్ మొహం వేలాడేసుకుని హైమవతి గదిలోకొచ్చాడు.

"మేడమ్, మా అమ్మ నేర్చేసుకుంది."

మీటల సంఖ్య పెంచారు. సీసాలు పక్కకు జరిగేలా చేశారు. తర్వాత సీసాలు తిరిగి బంతిని విసిరేలా చేశారు. మార్పు చేసిన ప్రతిసారీ కొన్నాళ్లకు కాకినాడ నుంచి అదే కబురు. తనిఖీకి వెళ్లినప్పుడు హైమవతి ఆ దృశ్యం కళ్లారా చూసింది. హాలులో పది మంది మిగిలారు. సూరిబాబు వేళ్లకు కట్లున్నాయి. నూకరత్నం పెదవి కొరుక్కుంటూ, నుదురు ముడిచి, రెప్ప వేయకుండా మీటలు నొక్కుతోంది. సీసాలు పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. ఎవరూ రైట్ రైట్ అనలేదు. పరిశీలకుడు ఒక మూల కూర్చుని, పనిలేక కునుకు తీస్తున్నాడు.

"కష్టంగా లేదా?" అని అడిగింది హైమవతి.

"చంపేస్తందండి," అంది నూకరత్నం. "రాత్రి కలలో కూడా మీటలేనండి. మొన్న పెసరట్టు మాడ్చేశాను."

"మరి మానేయొచ్చుగా."

"మా వాడు చేసిందండి ఇది." నూకరత్నం పలకను ఒడిలో పెట్టుకుని, దాని మీద చెమట కొంగుతో తుడిచింది. "మేడెక్కి తలుపేసుకుని ఏం చేసేవాడో ఇన్నాళ్లూ నాకు తెలిసేది కాదండి. అడిగితే నీకర్థం కాదనేవాడు. ఇప్పుడు వాడు చేసిన వస్తువు నా చేతికొచ్చింది. నేర్చుకోకపోతే ఎలాగండి?"

ఆ వస్తువులో ప్రతి మీటా ఎవర్ని తప్పించడానికి పెట్టారో హైమవతికి తెలుసు. ఆ నిర్వచనం ఎవరి నోటి నుంచి ఊడిపడిందో కూడా తెలుసు. బస్టాండుకు రిక్షా దొరికినా ఎక్కకుండా నడిచి వెళ్లింది.

ఆ నెల లెక్క చూసి విశ్వపతి గారు ఉప్పొంగిపోయారు. ఆడేవాళ్లలో ఒక్కరూ నవ్వడం లేదు. నిర్వచనం ప్రకారం ప్రతివాడూ అంకిత ఆటగాడే. గెలుపు నూరు శాతం. మంత్రిగారి జవాబు రాయించడం కూడా మొదలైంది. అదే రోజు లోహిత్ సంఘం సభ్యులందరి తరఫున రాజీనామా చేస్తానన్నాడు.

"కారణమేమి?" అన్నారు విశ్వపతి గారు.

"మా సభ్యులు ఆ పెట్టె ఇక ముట్టుకోము అంటున్నారు సార్. ఇప్పుడు అంకిత ఆటగాళ్లంటే మీ లెక్కలో ఎవరు? మా అమ్మ. సూరిబాబు మామయ్య. కొబ్బరిబొండాల లక్ష్మమ్మ గారు. వాళ్లున్న చోట మేం ఎలా ఉంటాం?"

"వారు నవ్వడం లేదు కదా."

"నవ్వకపోతే సరిపోదు సార్. వాళ్లు అక్కడ ఉండకూడదు."

విశ్వపతి గారి మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూసి హైమవతికి భయమేసింది. గతంలో అది వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక విభాగం మూతపడింది.

"పునర్నిర్వచనము," అన్నారాయన మెల్లగా. "తాను తప్ప అన్యుడెవ్వడును ఆటగాడు కాడని విశ్వసించువాడే అంకిత ఆటగాడు. అట్టివానిని గెలుచుకొనవలెనన్నచో, అన్యులెవ్వరును ఆడజాలని యంత్రము కావలెను. ఎవ్వరును ఆడజాలని యంత్రమన్న ఇంకను శ్రేష్ఠము."

ఇంజనీర్లను పిలిచారు. అలాంటిది చేయడం ఎంత కష్టమని అడిగారు. చాలా తేలిక అన్నారు ఇంజనీర్లు, ఇప్పటిదాకా అలాంటివి రాకుండా చూసుకోవడమే కష్టమైందన్నారు. పాత పెట్టెకే నల్లరంగు వేసి, మీటల పలక పీకేసి, ఆన్ అవకుండా చేసి ఇచ్చారు. పేరు మౌనపెట్టె. దాని ప్రకటనలో ఒకే మాట ఉంది: "దీనిని ఇంతవరకు ఎవరూ ఆన్ చేయలేదు." ధర మూడింతలు.

అంకిత ఆటగాళ్లు ఎగబడ్డారు. విజయవాడలో దుకాణం ముందు ఎండలో వరస రోడ్డు మలుపు దాకా పోయింది. కొన్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని, రోజుల తరబడి చూశారు. లోపల ఏ ఆట ఉందో అని వాదించుకున్నారు. రాజమండ్రిలో ఒక కుర్రాడు తన పెట్టె మీద రెప్పపాటు నీలంరంగు వెలుగు కనబడిందని చెబితే, ముందు సన్మానం చేసి, తర్వాత వాడు అబద్ధాలకోరని తేల్చి సంఘం నుంచి తీసేశారు. లోహిత్ ఒకటి కొని, కాకినాడ వెళ్లి, మేడమీద తెరకు తగిలించి బల్ల మీద పెట్టుకున్నాడు. సంఘం తరఫున అతనిచ్చిన ప్రకటన పత్రికల్లో వచ్చింది. ఎట్టకేలకు మమ్మల్ని గౌరవించే యంత్రం వచ్చింది అన్నాడు.

సభలో మంత్రిగారు లేచి నిలబడ్డారు. "అధ్యక్షా, అంకితభావం గల ఆటగాళ్లను ఈ ప్రభుత్వం అందరినీ గెలుచుకుంది. ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు." బల్లలు మోగాయి. ప్రశ్న అడిగిన సభ్యుడు కూడా చరిచాడు, ఆయన మేనల్లుడు మళ్లీ అన్నం తింటున్నాడు.

మర్నాడు హైమవతికి జాయింట్ డైరెక్టర్ ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటే మొదటి పని. తెల్లపెట్టెలు ఇంకా కేంద్రాల్లో ఉంటే గెలుపుకు మచ్చ కాబట్టి వాటిని వెనక్కి తెప్పించాలి. మొదట కాకినాడ నుంచి.

జగన్నాథపురం కేంద్రానికి తాళం వేసి ఉంది. మెట్ల మీద సూరిబాబు కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలు మూట. అందులో పెట్టె, అటక మీద నుంచి వెతికి తీసిన పాత పుల్లలు రెండు.

"అన్నీ ఉన్నాయండి," అన్నాడు. "తుడిచానండి కూడా."

"ఇకనుంచి సాయంత్రాలు ఏం చేస్తారు?"

"ఏముందండి. బస్టాండుకెళ్లి కూచుంటాను. బస్సులు చూత్తాను." ఆయన పళ్లు ఎప్పట్లాగే కనబడుతున్నాయి. ఇప్పుడు పరిశీలకుడు లేడు కాబట్టి అది నవ్వు కాదని ఎవరికీ రుజువు చేయక్కర్లేదు. మూట ఇచ్చి, వంతెన వైపు నడిచి వెళ్లిపోయాడు.

మూట చంకలో పెట్టుకుని హైమవతి నూకరత్నం ఇంటికి బయల్దేరింది. ఏం చెప్పాలో అనుకోలేదు. క్షమించమందామా అనుకుంది. నవ్వితే ఆటగాళ్లు కారని చెప్పింది నేనేనండి అంటే ఆవిడకు ఏమర్థమవుతుంది అనుకుంది. టిఫిన్ సెంటరు మూసి ఉంది. నాలుగు దాటింది. మేడమెట్లు సగం ఎక్కేసరికి పైనుంచి లోహిత్ పరుగున దిగొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"పైకి రాకండి మేడమ్."

"ఏమైంది? అమ్మ ఎక్కడ?"

అతను గోడ పట్టుకున్నాడు. "ఆన్ చేసేసింది మేడమ్."

"దేన్ని?"

"మౌనపెట్టెను." అతను వెనక్కి తిరిగి పైకి చూశాడు. "నిన్న గది ఊడుస్తానని వచ్చింది. పెట్టె మీద పచ్చడి మరక పడి ఉంది. నేను దాన్ని చూస్తూ ఇడ్లీ తిన్నాను మేడమ్, అప్పుడు పడింది. ఆవిడ తడిగుడ్డ పెట్టి ఒకచోటే గట్టిగా నొక్కి రుద్దింది. మరక మొండిది. చాలాసేపు రుద్దింది. వెలిగింది."

హైమవతి మెట్టు మీద కూర్చుంది. "లోపల ఏముంది?"

"ఏముంటుంది మేడమ్. ఇంజనీర్లకు టైం చాలలేదట కదా. ఆ పాత బౌలింగే. నేను మొదట్లో కొన్న పాత పుల్లతోనే పనిచేస్తోంది." అతను కిందికి వంగి మెల్లగా అన్నాడు, "మా సంఘంలో తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు. మంత్రిగారు సభలో చెప్పింది కూడా... మీరు ఎవరికీ చెప్పకండి."

పైనుంచి సీసాలు పడిన చప్పుడు వినబడింది.

"నువ్వు కూడా ఆడావా?" అంది హైమవతి.

"లేదు." గోడ మీద సున్నం గోకాడు. "ఒక్కటి. అమ్మ ఒక్కతే ఆడుతుంటే బాగోదని."

"గెలిచావా?"

"లేదు."

"నవ్వావా?"

లోహిత్ మెట్లకేసి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను కాదు మేడమ్, మొదట అమ్మ నవ్వింది," అన్నాడు. "సీసాలు పడ్డందుకు కాదు. ఇంత బాగా చేశావురా, మళ్లీ పుల్ల పెట్టావురా అని. నేను చేశాననుకుంది. కాదని చెప్పలేకపోయాను."

జాయింట్ డైరెక్టర్‌గా హైమవతి చేయవలసింది ఆవిడకు బాగా తెలుసు. మౌనపెట్టె ఆన్ అవుతుందని వెంటనే తెలియజేయాలి. అప్పుడు విశ్వపతి గారి మొహంలో మళ్లీ ఆ వెలుగు వస్తుంది. ఉపసంఘం వస్తుంది, మరకల మీద ఆదేశాలు వస్తాయి, ఎవరెవరి ఇంట్లో ఎవరెవరు తడిగుడ్డ పెడుతున్నారో లెక్కపెట్టడానికి మనుషులు దిగుతారు. చెప్పకపోతే, ఈ సాయంత్రం ఆవిడ సంస్థకు తెల్లపెట్టెలు తీసుకెళ్లడానికి వచ్చింది, అంతే. ఆవిడ కాసేపు ఆలోచించింది. నిజానికి ఆలోచించాల్సినంత ఏమీ లేదు. లేచి, లోహిత్ భుజం పక్కకు జరిపి పైకెక్కింది.

గదిలో దుప్పట్లు తీసేసి ఉన్నాయి. నూకరత్నం చీరకొంగు దోపుకుని గది మధ్యలో నిలబడి ఉంది. హైమవతిని చూసి కంగారుగా పుల్ల వెనక్కి దాచింది.

"ఇది కూడా పట్టుకెళ్లాలాండి?"

"లేదండి," అంది హైమవతి. తువ్వాలు మూట మంచం మీద పెట్టి ముడి విప్పింది. అందులోంచి ఒక పుల్ల తీసి, చెయ్యి అటూ ఇటూ ఊపి చూసుకుంది. "నాకెప్పుడూ ఎవరూ చూపించలేదు. ఎలా విసరాలి?"

నూకరత్నం ఆవిడ పొడుగు చేతుల్ని, నెత్తి మీద తిరుగుతున్న రెక్కల్ని మార్చి మార్చి చూసింది.

"ముందా ఫ్యాను ఆపరా బుజ్జీ," అంది.